బండి ఎప్పుడు హీటెక్కుతోంది?

ఇంజిన్ హీటెక్కుతోందని బండి తీసుకెళ్తే చాలా షెడ్లలో జరిగేది ఒకటే వరస. ముందు కూలెంట్ (ఇంజిన్ వేడిని మోసుకెళ్లే ద్రవం) మారుస్తారు. తగ్గకపోతే థర్మోస్టాట్ (కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) పీకేస్తారు. అప్పటికీ తగ్గకపోతే రేడియేటర్, ఆ తర్వాత వాటర్ పంపు, చివరికి "హెడ్ దించాలి సార్", అంటే ఇంజిన్ పై భాగాన్ని విప్పాలని. ప్రతి మెట్టుకీ ఒక బిల్లు. ఈ మొత్తం వరసలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అసలు ఎప్పుడు హీటెక్కుతోంది? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, హైవే మీద వేగం పెరిగినప్పుడా, ఘాట్ ఎక్కేటప్పుడా, పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికేనా? ఆ జవాబు మెకానిక్ దగ్గర ఉండదు, బండి నడిపే మీ దగ్గరే ఉంటుంది. అది సరిగ్గా చెప్పగలిగితే అనుమానించాల్సిన భాగాలు సగం తగ్గిపోతాయి. మిగతా సగాన్ని ఇంటి ముందు నిలబెట్టిన బండి మీద, పెద్ద పనిముట్లేమీ లేకుండానే పరీక్షించుకోవచ్చు.

పెట్రోలు మండి పుట్టిన శక్తిలో ఉజ్జాయింపుగా మూడో వంతే బండిని నడపడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్‌లో గాలికి అప్పజెప్పాలి. అంటే సరిపడా కూలెంట్ ఉండాలి, అది తిరుగుతూ ఉండాలి, రేడియేటర్ గుండా గాలి పోవాలి. వీటిలో ఏది తప్పిందో సందర్భమే చెబుతుంది.

ట్రాఫిక్‌లో ఆగితే వేడి చూపే మీటరు ముల్లు లేచి, బండి కదలగానే దిగిపోతోందంటే కూలెంట్ బాగానే తిరుగుతోంది, గాలే చాలడం లేదు. ఫ్యాన్‌ని అనుమానించండి. దీనికి తలకిందులుగా, ఊళ్లో బాగుండి హైవే మీద వేగంగా పోతుంటే లేస్తోందంటే గాలికి లోటు లేదు, పుట్టే వేడికి తగ్గట్టు కూలెంట్ తిరగడం లేదు. లోపల పూడుకుపోయిన రేడియేటర్, సగమే తెరుచుకుంటున్న థర్మోస్టాట్, రెక్కలు అరిగిన పంపు, పీల్చినప్పుడు చప్పబడిపోయే మెత్తటి కింది గొట్టం ఈ కోవలోకి వస్తాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కొన్ని నిమిషాలకే ఎక్కుతోందంటే కూలెంట్ బాగా తగ్గి ఉండాలి, లేదా లోపల గాలి ఇరుక్కుని ఉండాలి, లేదా థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయి ఉండాలి. ఇవేవీ కాకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే పలుచటి సీలు. ఘాట్ రోడ్డు సంగతి వేరు. శ్రీశైలం దారిలోనో అరకు దారిలోనో రెండో గేరులో ఎక్కుతుంటే ఇంజిన్ పూర్తి బరువు మోస్తుంది, బండి వేగం మాత్రం తక్కువ, కాబట్టి గాలీ తక్కువ. అక్కడ మాత్రమే ముల్లు లేస్తుంటే ఏదో ఒక భాగం పూర్తిగా పాడవలేదు గానీ బలహీనపడుతోందని అర్థం.

ఎండల్లోనే ఎందుకు?

రేడియేటర్ ఎంత వేడి వదలగలదన్నది కూలెంట్‌కీ బయటి గాలికీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. జనవరి మధ్యాహ్నం గాలి 30 డిగ్రీలైతే తేడా 65. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 ఉన్న రోజు తేడా 50. అదే రేడియేటర్, అదే ఫ్యాన్, పనితనం మాత్రం దాదాపు నాలుగో వంతు పడిపోయింది. పైగా ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది కాబట్టి ఏసీ వేస్తే రేడియేటర్‌కి చేరే గాలి ఇంకా వేడెక్కి వస్తుంది.

అయితే బండి తయారు చేసినవాళ్లు ఇదంతా లెక్కలోకి తీసుకునే రేడియేటర్ పెడతారు. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడినా బాగున్న బండి హీటెక్కకూడదు. "ఎండలు కదా సార్, అన్ని బండ్లూ ఇంతే" అనే మాట నమ్మకండి. చలికాలంలో కొంత మిగులు ఉండడం వల్ల దాగిన లోపాన్ని ఎండ బయటపెట్టింది, అంతే.

రోడ్డు మీద ఉండగా డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగితే

ముల్లు మామూలు చోటు దాటి పైకి పోతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్‌ని పూర్తి వేడి మీద, బ్లోవర్‌ని పూర్తి వేగం మీద పెట్టండి. ఎండాకాలంలో హీటర్ వేయమంటే పిచ్చి సలహాలా ఉంటుంది గానీ, హీటర్ లోపల ఉన్నది చిన్నపాటి రేడియేటరే. ఇంజిన్ వేడిలో కొంత మీ కాళ్ల మీదుగా బయటికి పోతుంది. ఎర్రలైటు వెలిగినా, ఆవిరి కనిపించినా ఇక ఆలోచన వద్దు. పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. "పెట్రోల్ బంకు దాకా పోనిద్దాం" అనుకున్న ఆ రెండు కిలోమీటర్లలోనే హెడ్ వంకరపోతుంది.

ఒక ఉచ్చు కూడా ఉంది. ముల్లు పైకి పోయి, ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంతోషించకూడదు. కూలెంట్ కారిపోయి సెన్సర్ గాలిలో మిగిలితే అది నీటి వేడి చూపించలేదు. ముల్లు దిగి, హీటర్ నుంచి చల్లటి గాలి వస్తోందంటే లోపల నీళ్లు లేవన్నమాటే. ఈ రోజుల్లో చాలా చిన్న కార్లకి ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం లైటూ, అతిగా వేడెక్కితే ఎర్రలైటూ మాత్రమే ఇస్తున్నారు. ముల్లున్న చాలా బండ్లలోనూ అది నిజం పూర్తిగా చెప్పదు. చాలా డిగ్రీల తేడా వచ్చినా నడిమధ్యనే నిలబడేలా అమర్చి ఉంటుంది. అందుకే బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివే, ఫోనుకి కలిసే ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కోవడం మంచిదంటాను. కూలెంట్ ఎన్ని డిగ్రీల్లో ఉందో అంకెల్లో కనబడితే సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

ఆగాక చేసే పొరపాట్లు రెండు. ఒకటి, రేడియేటర్ మూత (క్యాప్) తిప్పడం. ప్రెషర్ కుక్కర్‌లాగే ఇక్కడా ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. మామూలుకన్నా ఒక బార్ ఎక్కువ ఒత్తిడిలో మంచినీళ్లు మరిగేది 120 డిగ్రీల దగ్గర. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం ముప్పావుగంట ఆగి, పై గొట్టాన్ని పట్టుకుంటే చేతికి మెత్తగా, చల్లగా తగిలాకే ముట్టుకోవాలి. రెండోది, కాలిపోతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించడం, లేదా లోపల పోయడం. అల్యూమినియం హెడ్ పగలడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

చల్లారాక, వాకిట్లో

మొదటి పరీక్షకి ఖర్చు లేదు. కూలెంట్ ఉందా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కొన్ని బండ్లలో క్యాప్ రేడియేటర్ మీదే ఉంటుంది, పక్కన ప్లాస్టిక్ డబ్బా ఉత్త నిల్వ కోసం. ఇంకొన్నిట్లో రేడియేటర్‌కి మూతే ఉండదు, ఒత్తిడిని తట్టుకునే డబ్బాకే గట్టి మరమూత ఉంటుంది. మొదటి రకంలో డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండడం మామూలే. అందుకని ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే, క్యాప్ తీసి రేడియేటర్‌లోకే చూడాలి. అంచు దాకా కూలెంట్ కనిపించాలి.

తగ్గి ఉంటే ఎటు పోయిందో వెతకాలి. కారు కింద పాత అట్టపెట్టె విప్పి పరిచి రాత్రంతా ఉంచితే తడి ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఎడమ పక్క వెనగ్గా పడే రంగూ వాసనా లేని నీళ్లు చాలావరకు ఏసీవే, వాటితో కంగారు లేదు. గొట్టాల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు దగ్గర, వాటర్ పంపు కింద ఆకుపచ్చగానో గులాబీగానో ఎండిన చారలు కనిపిస్తే దొంగ దొరికినట్టే. లోపల ముందు సీటు దగ్గర కార్పెట్ తడిసి, తియ్యటి వాసన వస్తూ, అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతుంటే హీటర్ లోపలి రేడియేటర్ కారుతోంది. బండిని వారాల తరబడి కదలకుండా ఉంచి ఉంటే ఎలుకల్ని కూడా లెక్కలో పెట్టుకోండి. గొట్టాలూ ఫ్యాన్ వైర్లూ వాటికి ఇష్టం. రేడియేటర్‌లో పసుపు వేసి కారడం ఆపే చిట్కా ఒకటి రోడ్డు మెకానిక్కుల దగ్గర ఉంది. అడవిలో చిక్కుకుంటే ఇల్లు చేరడానికి సరేగానీ, చిన్న కన్నాన్ని పూడ్చే పొడి సన్నటి గొట్టాల్నీ పూడుస్తుంది. సీసాల్లో అమ్మే లీకు మందులకీ ఇదే మాట.

తర్వాత క్యాప్. ఇంత చవకైన భాగం ఇంత గొడవ చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. దాని మీద 0.9 అనో 1.1 అనో ముద్ర ఉంటుంది, అది పట్టి ఉంచే ఒత్తిడి, బార్‌లలో. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన మిశ్రమం మామూలు ఒత్తిడిలో దాదాపు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది; మంచి క్యాప్ ఉంటే 125 దాటినా మరగదు. క్యాప్ రబ్బరు ఎండి పగిలితే ఆ రక్షణంతా పోతుంది. ఇంజిన్ నిజంగా అతిగా వేడెక్కకపోయినా కూలెంట్ మరిగి డబ్బాలోకి పొంగుతుంది. క్యాప్‌లో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు డబ్బాలోని కూలెంట్‌ని వెనక్కి పీల్చుకోవడం దాని పని. పొద్దున బానెట్ ఎత్తి చూస్తే పై గొట్టం చప్పిడిగా నొక్కుకుపోయి ఉందంటే ఆ వాల్వు పనిచేయడం లేదు. పోయిందో లేదో తేలకపోతే అదే ముద్ర ఉన్న కొత్త క్యాప్ పెట్టేయండి. 0.9 బదులు 1.1 పెడితే ఇంకా మంచిదనుకోవద్దు, పాత గొట్టాలు ఓర్చుకోవు.

ఫ్యాన్ పరీక్ష ఇంకా తేలిక. ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేయండి. చాలా బండ్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూడండి, తర్వాత అదే పెట్టెలో అదే రకం వేరే రిలేని (ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చు) దాని చోట పెట్టి చూడండి. రెండూ బాగుంటే ఫ్యాన్ ప్లగ్గు ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే మోటార్ బతికుందో లేదో తెలుస్తుంది. మోటార్ తిరిగిందంటే లోపం సెన్సర్‌లోనో వైరింగులోనో ఉంది. రెండు ఫ్యాన్లున్న బండిలో ఏసీ వేస్తే ఒకటే తిరగొచ్చు, అప్పుడు రెండోదాన్ని విడిగా చూడాలి. తిరుగుతోంది గానీ నీరసంగా తిరుగుతోందంటే కార్బన్ బ్రష్షులు అరిగిన మోటార్. తాళం తీసేశాక కూడా కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది, కాబట్టి రెక్కల మధ్య వేళ్లు పెట్టకండి.

థర్మోస్టాట్ పీకేయమంటే

ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీని మీదున్నంత అపనమ్మకం ఇంకే భాగం మీదా లేదు. థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది. చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య అది కరిగి, ఉబ్బి, వాల్వుని నెడుతుంది. అప్పుడు కూలెంట్ రేడియేటర్‌లోకి పోతుంది. అంతకు ముందు ఇంజిన్‌లోనే చుట్లు తిరుగుతుంది. "ఇది చలి దేశాలకి, మనకెందుకు?" అన్నది షెడ్డులో వినిపించే వాదన.

మన దగ్గరా ఇంజిన్‌కి ఆ వేడి కావాలి. చల్లగా నడిచే ఇంజిన్‌కి కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాక మడ్డి కడుతుంది, కొన్నాళ్లకి పీ0128 అనే కోడుతో ఇంజిన్ లైటు వెలుగుతుంది. అసలు విచిత్రం ఇంకోటుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది: రేడియేటర్ దారి తెరుస్తూనే అడుగునున్న ఇంకో బిళ్లతో, కూలెంట్ ఇంజిన్‌లోనే చుట్లు తిరిగే అడ్డదారిని మూసేస్తుంది. దాన్ని పీకేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. అలాంటి బండి మామూలుగా చల్లగా నడిచి, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఇదివరకటికన్నా ఎక్కువ హీటెక్కుతుంది.

పరీక్షించడానికి ముందు బండిలోనే చూడండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక పై గొట్టమూ కింది గొట్టమూ రెండూ వేడిగా ఉండాలి, కిందిది కాస్త తక్కువ. ముల్లు పైకి పోతున్నా ఒక గొట్టం చల్లగానే ఉందంటే కూలెంట్ ఆ దారిన పోవడం లేదు. అప్పుడు, ఇంజిన్ చల్లారాక, థర్మోస్టాట్ విప్పి గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద కాచండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో పది పన్నెండు డిగ్రీలకి బాగా తెరుచుకోవాలి. నీళ్లు మరుగుతున్నా కదలకపోతే కొత్తది వేయాలి. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి, కూలెంట్ విషం. గ్యాస్కెట్ లేదా రబ్బరు రింగు కూడా కొత్తదే వేసుకోవాలి, చిన్న రంధ్రం ఉన్న థర్మోస్టాట్ అయితే చాలా బండ్లలో ఆ రంధ్రం పైకి ఉండేలా అమర్చాలి. లోపలి గాలి పోయే దారి అదే.

రేడియేటర్ బయటా పూడుతుంది, లోపలా పూడుతుంది. బయట పూడిక మన రోడ్ల పుణ్యం. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పొట్టు, తొలకరి రాత్రుల్లో లైట్లకి ఎగబడే ఉసిళ్లు, లారీల వెనక దుమ్ము, అన్నీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో చేరతాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనబడుతుంది, చెత్త దాని వెనక ఉంటుంది. తోటకి వాడే పైపుతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి, నెమ్మదిగా కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుంటుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచాన్ని పగిలిందని తీసేసి ఉంటే అదీ, బండి కింది పళ్లెం కూడా వెనక్కి పెట్టించండి. అవి లేకపోతే గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్కల నుంచి జారిపోతుంది.

లోపలి పూడిక బోరు నీళ్ల వల్ల. రాయలసీమలో, ప్రకాశం, నల్గొండ వైపు బోరు నీళ్లు కాచిన గిన్నెకి తెల్లటి పొర కట్టడం అందరూ చూసేదే. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ, ఇంజిన్ లోపలి గోడల మీదా కడుతుంది. ఉత్త నీళ్లు పోస్తే ఆ పొరతో పాటు తుప్పూ చేరుతుంది. వేడిని మోయడంలో మాత్రం నీళ్లు కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కన్నా మేలే, దాన్ని కాదనలేం. చిక్కు మరిగే డిగ్రీలతోనూ తుప్పుతోనూ. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే వేడి ఇంజిన్‌తో రేడియేటర్ మీద అక్కడక్కడా కొలవండి. కూలెంట్ వచ్చే వైపు నుంచి పోయే వైపుకి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో చల్లటి ముక్కలుంటే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయి.

వాటర్ పంపు గురించి చెప్పేది తక్కువ. దాని అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది, సీలు పోతే అక్కడి నుంచే కారుతుంది. బేరింగు పోతే గరగరమంటుంది. రెక్కలు అరిగిన పంపు మాత్రం బయటికి ఏమీ చూపించదు; ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, హీటర్ చల్లబడి, యాక్సిలరేటర్ తొక్కితే వేడి గాలి వస్తోంటే, కూలెంట్ నిండుగానే ఉంటే, దాని మీదికి అనుమానం పోతుంది. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపు అయితే ఆ పని ఇంట్లో పెట్టుకోవద్దు. బెల్టు తప్పుగా అమరితే ఇంజిన్ పెద్ద దెబ్బ తినొచ్చు.

హెడ్ దించమనే ముందు

హెడ్ గ్యాస్కెట్ పోయిందన్న మాటకి రుజువు అడగడం మీ హక్కు. అల్యూమినియం వేడికి పోత ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం హెడ్, కింద ఇనుప బ్లాకు ఉన్న ఇంజిన్ అతిగా వేడెక్కితే హెడ్ మధ్యలో లేస్తుంది, మధ్యలోని గ్యాస్కెట్ పట్టు తప్పుతుంది. అప్పుడు సిలిండర్‌లోని మండిన వాయువు కూలెంట్‌లోకి దూరుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంకా వేడెక్కకముందే, పై గొట్టం రాయిలా బిగిసిందంటే అది ఆవిరి ఒత్తిడి కాదు, మండిన వాయువే. క్యాప్ తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గుతుంటుంది, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు నురగ మాత్రం ఒంటరిగా సాక్ష్యం కాదు. చలికాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి అది మామూలు తేమ. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉంటే నమ్మొచ్చు.

తేల్చి చెప్పేది రసాయన పరీక్ష. రేడియేటర్ మూతి మీద పెట్టిన గొట్టంలో నీలం ద్రావకం పోసి, లోపలి గాలిని దాని గుండా పీలుస్తారు. మండిన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపు పచ్చగా మారుతుంది. ఈ పరీక్ష కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మెకానిక్ దగ్గర లేకపోయినా మీరే చేసుకోవచ్చు. రంగు మారితే హెడ్ దించక తప్పదు. దించాక కొత్త గ్యాస్కెట్ వేసి బిగించేస్తామంటే ఒప్పుకోకండి. హెడ్‌ని లేత్ షాపుకి పంపి పగుళ్లకి ప్రెషర్ టెస్టు చేయించి, స్కేలు పెట్టి వంపు కొలిచి, అవసరమైతే ఫేసింగ్ కొట్టించాలి, అంటే అడుగు చదును చేయించాలి. చిన్న ఇంజిన్లకి మాన్యువల్ ఒప్పుకునే వంపు చాలావరకు 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కంటికి ఆనదు. బిగించినప్పుడు సాగేలా చేసిన హెడ్ బోల్టులున్న ఇంజిన్లలో పాతవి తిరిగి వాడకూడదు.

ఏ రిపేరు చేసినా చివరికి కూలెంట్ తిరిగి నింపాలి, సగం రిపేర్లు పాడయ్యేది ఇక్కడే. రంగు చూసి కూలెంట్ కొనకండి. రంగుకి ఏ ప్రమాణమూ లేదు, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపుతో కలవకపోవచ్చు, కలవని రకాలు కలిస్తే గడ్డకట్టి రేడియేటర్‌ని పూడుస్తాయి. మీ బండి మాన్యువల్‌లో రాసిన రకమే చూడండి. సీసా మీద రెడీ మిక్స్ అని ఉందో, చిక్కటిదో చదవండి. చిక్కటిదైతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. బండి ముక్కు కాస్త ఎత్తున ఉండేలా నిలబెట్టి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, గాలి వదిలే స్క్రూ ఉంటే విప్పి, నెమ్మదిగా పోయండి. క్యాప్ తెరిచే ఉంచి ఇంజిన్ నడపండి, బుడగలు పోయే కొద్దీ మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి. హీటర్ నుంచి మంచి వేడి గాలి వచ్చి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడాలి. క్యాప్ ఒత్తిడి డబ్బా మీద ఉండే బండ్లలో మాన్యువల్ చెప్పిన పద్ధతే పాటించండి. మర్నాడు పొద్దున, తర్వాత కొన్ని రోజులు, చల్లటి ఇంజిన్ మీద మట్టం చూస్తూ ఉండండి. మొదట్లో కొంచెం దిగితే లోపలి గాలి పోయిందనుకోవచ్చు. దిగుతూనే ఉంటే పని ఇంకా మిగిలే ఉంది.

తీసిన పాత కూలెంట్ మురుగు కాలువలో పోయకండి, వాకిట్లో బకెట్‌లో వదిలేయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పాడై చనిపోతాయి. పిల్లలకీ అంతే ప్రమాదం. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, మీద పేరు రాసి, ఆయిల్ మార్చే సర్వీస్ సెంటర్లో ఇచ్చేయండి.